అక్క, చక్రాల ఇల్లు

పోయిన మంగళవారం పొద్దున రాజంపేట నుంచి ఫోన్ వచ్చింది. అక్క కూతురు. "పిన్నమ్మా, అమ్మ పోయింది" అంది.  మళ్ళీ తనే, "నిద్రలోనే పోయింది పిన్నమ్మా. పండుకోని, కదలకుండా పోయింది. నమ్ముతావా?" అంది.

నమ్మడం కష్టంగానే ఉంది. వయసు మీదపడింది, ఏడాదిగా మంచం పట్టింది, ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. కానీ కదలకుండా, ఎవరికీ ఏ పనీ పురమాయించకుండా అక్క ఎక్కడికైనా వెళ్ళడం నేను చూడలేదు. ఫోన్ పెట్టేశాక నేనూ ఒకచోట నిలవలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియక వాకిట్లోకి వచ్చాను, మళ్ళీ లోపలికి వెళ్ళాను. మా ఆయన గడప మీద కూర్చుని చెప్పులు వేసుకోవడం, విప్పడం, మళ్ళీ వేసుకోవడం. ఆమె లేకపోతే ఈ మనిషి నాకు మిగిలేవాడు కాదు. ఆ సంగతి మా బంధువుల్లో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆమె నాకు తోడబుట్టినది కాదు. కువైట్‌లో రిగ్గైలోని ఒక ఇంట్లో ఆమె వంటమనిషి, నేను ఇల్లు ఊడ్చి తుడిచే మనిషిని, మా ఆయన ఆ ఇంటి డ్రైవరు. నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మేము రాయచోటి వైపు వాళ్ళం, ఆమెది రాజంపేట దగ్గర పల్లె. ఆమె అప్పటికే అక్కడ చాలా ఏళ్ళుగా ఉంది. ఇంటావిడను అందరిలాగే మామా అనేవాళ్ళం. మామాకు కోపం వస్తే ఆ ఇంట్లో ఎదురుగా నిలబడి జవాబు చెప్పగలిగింది అక్క ఒక్కతే, అదీ అరబ్బీలో, చేతిలో గరిటె తిప్పుతూనే.

మొదటి రోజు నేను వంటింటి మూల కూర్చుని ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. ఒక గంప నిండా కొత్తిమీర తెచ్చి నా ఒళ్ళో కుమ్మరించింది. "ఏడుపొస్తే ఏడువు పాపా. చేతులు మాత్రం ఆపొద్దు" అంది. ఇంకో మాట కూడా అనేది, ఎప్పుడూ అదే మాట: "ఊరికే కూచుంటే భయమొచ్చి ఒళ్ళో కూచుంటాది."

ఆమె అన్నం నిలబడే తినేది, పళ్ళెం ఎడమచేతిలో పట్టుకుని. టీ తాగుతూ గదులన్నీ తిరిగేది. నిద్రపోతున్నప్పుడు కూడా కాలి బొటనవేలు ఆడుతూ ఉండేది. ఒకసారి మామా విసిగిపోయి, "నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి, కూర్చో" అని కుర్చీ చూపించింది. అక్క ఆ కుర్చీని తుడిచి పక్కన పెట్టింది.

మా కఫీల్‌కు, అంటే మమ్మల్ని పనికి పిలిపించుకున్న ఇంటాయనకు, ఒక కారవాన్ ఉండేది. బండి వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు. అందులో రెండు మంచాలు, చిన్న వంటిల్లు, నీళ్ళ ట్యాంకు, జనరేటరు పెడితే తిరిగే ఏసీ. ఎండాకాలంలో ఫహాహీల్ దాటి ఇంకా కిందికి, సముద్రం ఒడ్డున దాన్ని నిలిపి ఇంటిల్లిపాదీ ఉండేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళు తిరిగి వచ్చే ముందు దాని చక్రం ఒకటి ఇరుసుతో సహా విరిగి ఇసుకలో కూరుకుపోయింది. దాన్ని అక్కడే వదిలి, ఇల్లు తాళం పెట్టి, అందరూ లండన్ వెళ్ళారు. వెళ్తూ మా ఆయనకు చెప్పారు, పాత సామాను అంగళ్ళలో అలాంటి ఇరుసు వెతికి, బాగుచేసి, ఇంటికి లాక్కురమ్మని. మమ్మల్ని దాన్ని కడిగి శుభ్రం చేయమన్నారు.

ముగ్గురం కలిసి ఒడ్డుకు వెళ్ళాం. మధ్యాహ్నం మా ఆయన మమ్మల్ని దింపి అమ్ఘరాకు బయల్దేరాడు. జహ్రా దగ్గర ఉన్న ఆ అమ్ఘరాలో పాత ఇనుము ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. "ఈ పూటకు ఆడ్నే తెలిసినోని దగ్గర పండుకోని పొద్దున్నే వస్తా" అన్నాడు.

ఆ తెల్లవారే ఇరాక్ సైన్యం వచ్చింది. వచ్చింది కూడా జహ్రా దారినే.

మాకు ఆ సంగతి వెంటనే తెలియలేదు. ఉత్తరాన ఉరుముల్లాంటి చప్పుళ్ళు, పొగ, ఆకాశంలో విమానాలు. రోడ్డు మీద కార్లు ఒకదాని వెంట ఒకటి సౌదీ వైపు పారిపోతున్నాయి. ఒక కారు ఆగితే అందులోని ముసలాయన అక్కతో నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు. అక్క వెనక్కి వచ్చి నా ముఖం చూసింది. "నీ మొగుడు తెలివైనోడు. యాడన్నా దాక్కోని ఉంటాడు. నువ్వు ఆ బిందె కడుగు" అంది. నేను ఆ బిందెను ఆ రోజు ఎన్నిసార్లు కడిగానో.

ఇంటికి పోదామంటే బండి లేదు. రెండు మూడు రోజులకు తెలిసింది, రిగ్గైలో మా వీధిలో ఖాళీ ఇళ్ళన్నిటిలో సైనికులు దిగారని. ఇద్దరు ఆడవాళ్ళం అక్కడికి పోయి చేసేదేముంది? ఇక్కడ కనీసం తలుపు, గడియ ఉన్నాయి. అలా ఆ చక్రాల ఇంట్లో ఉండిపోయాం. నాలుగు రోజులు అనుకున్నది ఆగస్టు దాటింది, ఆ తర్వాతి నెల కూడా గడవసాగింది.

డీజిల్ అయిపోయి జనరేటరు ఆగింది. పగలు ఆ ఇల్లు పెనంలా కాలేది. దాని నీడలో కూర్చునేవాళ్ళం, నీడ ఎటు జరిగితే అటు. గాలిలో తడి ఎంతంటే ఆరేసిన బట్ట ఆరేది కాదు. నాకు ప్రతి కారు చప్పుడూ మా ఆయన బండి చప్పుడే. లేచి రోడ్డు దాకా పరుగెత్తేదాన్ని. వెనక్కి వచ్చేదాన్ని. మళ్ళీ లేచేదాన్ని. రాత్రి పగలు అదే పని.

కొన్నాళ్ళకు మూతపడిన కంపెనీ క్యాంపుల నుంచి మనవాళ్ళు ఒకరొకరే ఒడ్డుకు చేరారు. ఎక్కువమంది నిజామాబాద్, జగిత్యాల వైపు కూలీలు. రాత్రి సముద్రగాలి తగులుతుంది, ఒక ఆడమనిషి గంజి అయినా కాస్తుందని తెలిసి వచ్చారు. అక్క వాళ్ళను చూసిన మొదటి పూటే, "నీకేం పని వస్తాది?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరినీ ఊరికే ఉండనివ్వలేదు. నిజామాబాద్ తమ్ముడు ఒకడు పాత నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. మూడు నాలుగు రోజులకోసారి వచ్చి మా ట్యాంకు నింపేవాడు. జగిత్యాల ఆయన ఒకడు కత్తెర, కత్తి ఉన్నవాడు, కారవాన్ మెట్టు మీద అందరికీ క్షవరం చేసేవాడు. ఇంకొకడు గాలం వేసి చేపలు పట్టేవాడు. చిరిగినవి కుట్టడం, ఉప్పునీళ్ళతో గిన్నెలు తోమి చివర్న గుక్కెడు మంచినీళ్ళతో కడగడం నా పని. దినార్లు ఎవరి దగ్గరా లేవు, ఉన్నా చెల్లవేమోనని భయం. గడ్డం గీస్తే ఒక ఖుబూస్ రొట్టె ముక్క, ట్యాంకు నింపితే పూటంతా కడుపునిండా చారన్నం. "ఇంత తక్కువకు ఇన్ని పనులు జరిగే ఊరు దునియాల ఏడ లేదక్కా" అని జగిత్యాల ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు. నవ్వి రోడ్డు వైపు చూసేవాడు. అందరం అంతే, మాట మధ్యలో రోడ్డు వైపు చూసేవాళ్ళం.

బస్రా మీదుగా జోర్డాన్‌కు బస్సులు పోతున్నాయని, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయి చేరుస్తున్నారని కబురు తెలిసింది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కదలడం మొదలుపెట్టారు. నేను కదలనన్నాను. "ఆయన వచ్చి నేను లేకపోతే?" అన్నాను. పోయి తీరాలని కొందరు, ఆగాలని కొందరు. అక్క ఎటూ చెప్పలేదు. నన్ను వదిలి పొమ్మని ఆమెకూ చాలామంది చెప్పారు. చెప్పినవాళ్ళకు ఆమె ఏదో ఒక పని పురమాయించేది.

ఒక రోజు ట్యాంకరు తమ్ముడు దిగుతూనే అక్కను పక్కకు పిలిచాడు. నేను వెంటే వెళ్ళాను.

"అక్కా, అమ్ఘరాల ఒక యార్డుల మనోళ్ళను పట్టి పెట్టిన్రట. మెకానిక్‌లను, డ్రైవర్లను. దోచుకున్న బండ్లన్నీ బాగు చేపిచ్చి బస్రాకు తోలిస్తున్నరు. వాళ్ళల్ల కడప దిక్కు డ్రైవర్ ఒకడున్నడట" అన్నాడు.

ఆ డ్రైవరు పేరేమిటని నేను అడుగుతూనే ఉన్నాను. అక్క మాత్రం అప్పటికే కొంగు నడుముకు దోపుతోంది. "నీ బండి ఎప్పుడు పోతాది ఆ పక్కకు?"

"నువ్వొస్తవా? మిలిట్రీ ఉన్నదక్కా. ఆడమనిషివి."

"ముసిలిదాన్ని. వంటమనిషిని. మిలిట్రీ వాళ్ళకు ఆకలి కాదా?" అంది. అప్పుడు ఆమెకు నలభై దాటి ఉంటాయి, అంతే.

పెద్ద గిన్నెలో అన్నం, చేపల పులుసు పెట్టుకుని మర్నాడు ట్యాంకరెక్కింది. నన్ను రావద్దంది. ఆ పగలు నేను సముద్రం వెంబడి అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఆమె కూడా రాకపోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకా వేగంగా నడిచేదాన్ని.

అక్కడ ఏం జరిగిందో తర్వాత మా ఆయనే చెప్పాడు. ఆయన ఒక లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. గడ్డం పెరిగి, ఒళ్ళంతా నూనె. ఆడమనిషి కాళ్ళు కనబడితే తల బయటపెట్టాడు. ఎదురుగా గిన్నెతో అక్క. ఆయన నోట మొదట వచ్చిన మాట, "ఆయమ్మి బాగుండాదా?"

"బాగుండాది. నువ్వు లేకపోతే బాగుండదు. ఆ ఇరుసు దొరికిందా నీకు?"

దొరికింది. ఆ మొదటి సాయంత్రమే దొరికింది. సైనికులు వచ్చినప్పుడు అది ఆయన బండిలోనే ఉంది, ఇంకా అక్కడే ఒక మూల పడి ఉంది.

అక్క తిన్నగా రేకుల షెడ్డులోకి, అక్కడి ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మెడంతా చెమటకాయలు. పీకేసిన కారు సీటు మీద పడుకుని అట్టతో విసురుకుంటున్నాడు. అక్క అన్నం పెట్టి, ఆయన తింటుంటే అరబ్బీలో మెల్లగా మొదలుపెట్టింది. ఇంత ఎండలో ఈ రేకుల కింద ఎట్లుంటావు నాయనా అంది. నా దగ్గర ఒక ఇల్లుంది, చక్రాల మీద ఇల్లు, మంచాలున్నాయి, ఏసీ ఉంది, ఎక్కడికంటే అక్కడికి నీ వెంట వస్తుంది అంది. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. దాని ఇరుసు విరిగింది, సరిపడే ఇరుసు ఇక్కడే ఉంది, బిగించడం ఇదిగో ఈ మనిషికే తెలుసు. బండి నీది, మనిషి నాది. ఇష్టమైతే చెప్పు.

ఆఫీసరు తినడం ఆపాడట. "ఎవరి బండి అది?"

"మా మామాది" అంది అక్క. ఆయన సరేనన్నాకే అది ఎక్కడుందో చెప్పింది.

సాయంత్రం ట్యాంకరులో తిరిగి వచ్చి ఆమె ఈ సంగతి చెప్పగానే ఒడ్డున గొడవైంది. జగిత్యాల ఆయన కత్తెర విసిరికొట్టాడు. "ఏంది? మమ్ముల అడగకుంట ఎట్ల ఇస్తవ్? అది పోతే మేమేడ ఉండాలె? నీళ్ళేడికెళ్ళి వస్తయ్? అయినా అది నీదా ఇయ్యడానికి?"

"నాది కాదు. మామాది. రేపు మామాకు నేనే చెప్పుకుంటా" అంది అక్క. "ఒడ్డంతా కంచెలేస్తాండారు, చూస్తాండావు కదా. ఇంగ వారానికో పది దినాలకో మనల్ని ఎట్లయినా తరిమేస్తారు. అప్పుడు ఆ బండి ఊరికే పోతాది. ఊరికే పోయేదాన్ని ఒక మనిషికి మారిస్తే తప్పేముంది? లోపలుండేది నీ తమ్ముడైతే ఏమంటావు?"

ఆయన వెళ్ళి ఇసుకలో కత్తెర వెతుక్కున్నాడు. ఆ రాత్రి అక్క కారవాన్ లోపలంతా తుడిచింది. "ఇచ్చేది శుభ్రంగా ఇయ్యాల" అంది. 

మర్నాడు వాళ్ళు వచ్చారు. ఒక జీపు, ఒక పెద్ద పికప్పు. పికప్పు వెనక ఇరుసు పక్కన మా ఆయన. నేను పరుగెత్తబోతే ఒక సైనికుడు తుపాకి ఎత్తాడు. అక్క నా చెయ్యి పట్టి లాగి, "నీళ్ళు తీసుకురాపో, దప్పిక మీదుంటాడు" అంది. ఆ చెంబు ఆయన చేతికి ఇస్తున్నప్పుడు ఆయన వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. అంతే. మాట్లాడుకోవడానికి లేదు.

మధ్యాహ్నమంతా ఆయన ఇరుసు బిగించాడు. నిన్న అరిచిన వాళ్ళందరూ ఈరోజు భుజాలు ఆనించి కారవాన్‌ను ఇసుకలోంచి పైకి తోశారు. దాన్ని పికప్పుకు తగిలించారు. ఆఫీసరు లోపలికి వెళ్ళి మంచం మీద పడుకుని చూసి, నవ్వుతూ బయటికి వచ్చాడు. మా ఆయన వైపు చూసి, "యల్లా, ఎక్కు. బస్రా దాకా నువ్వే నడుపు" అన్నాడు.

"మనం అనుకున్నది అది కాదే" అంది అక్క.

ఆయన వినిపించుకోలేదు. సైనికులు మా ఆయన్ను రెక్క పట్టి పికప్పులోకి తోశారు. ఇంజను మొదలైంది. నేను అరుస్తున్నానో లేదో కూడా నాకు తెలియదు.

అప్పుడు అక్క కూర్చుంది.

పికప్పు ముందు, చక్రాలకు బారెడు దూరంలో, ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతుల్లో ఏ పనీ లేదు. నేను ఆమెను అలా అంతకుముందు చూడలేదు. ఆఫీసరు అరిచాడు. ఆమె పక్కనే ఇసుకలోకి ఒక తూటా దిగింది. ఇసుక లేచి ఆమె ముఖం మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. మామూలు గొంతుతో, వంటింట్లో మామాకు జవాబు చెప్పినట్టే చెప్పింది. "నా యజమాని ఇల్లు నీకిచ్చినా. దొంగనైనా. నువ్వు మాట తప్పితే నాకు దొంగతనమే మిగులుతాది, మనిషి మిగలడు. అట్లయితే నా మీద నుంచే పో."

ఎవరూ కదల్లేదు. కొంచెంసేపటికి జగిత్యాల ఆయన గొణుక్కుంటూ, తిట్టుకుంటూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. "నీ అసొంటి మొండిదాన్ని నేను చూడలె" అనడం వినిపించింది.

సైనికుల్లో కొంచెం పెద్దవాడు ఒకడు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. తానే నడుపుతాననీ పొద్దు గుంకుతోందనీ చెప్పాడట. ఆఫీసరు అక్క వైపు, కారవాన్ వైపు, మళ్ళీ అక్క వైపు చూశాడు. ఉమ్మేశాడు. "ఖలాస్" అన్నాడు. పికప్పు తలుపు తెరిచి మా ఆయన్ను చొక్కా పట్టి కిందికి ఈడ్చాడు.

బండి రోడ్డెక్కి కనుమరుగైంది. మా ఆయన ఇసుకలో మోకాళ్ళ మీద పడి ఉన్నాడు, నేను ఆయన మెడ పట్టుకుని ఉన్నాను. అక్క ఇంకా కూర్చునే ఉంది. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాను. నా ముఖం చూసి నవ్వబోయింది. "కాళ్ళు రావడంలా పాపా. లేపు" అంది.

ఆ తర్వాత మేం ఒడ్డున ఎక్కువ రోజులు లేము. ట్యాంకరు తమ్ముడు మమ్మల్ని ఫహాహీల్ చేర్చాడు, అక్కడి నుంచి బస్సుల్లో బస్రా, బాగ్దాద్, ఆ పైన జోర్డాన్ ఎడారి. అక్కడ గుడారాల్లో అందరం సొమ్మసిల్లి పడి ఉంటే అక్క మాత్రం ఏ గుడారంలో బిడ్డకు పాలు లేవో, ఎవరికి జ్వరమో అంటూ తిరిగేది. విమానం ఎక్కాక బెల్టు పెట్టుకోమంటే వేగిపోయింది.

యుద్ధం ముగిశాక మేం మళ్ళీ పోలేదు. మా ఆయన కడపలో ఆటో కొనుక్కున్నాడు. అక్క మాత్రం మళ్ళీ కువైట్ వెళ్ళింది. ముగ్గురు పిల్లలు, వాళ్ళ చదువులు, పోక తప్పలేదు. అదే ఇంటికే పోయింది. ఇంకా చాలా ఏళ్ళు చేసి, ఇల్లు కట్టుకుని తిరిగి వచ్చింది. ఏటా వెళ్ళి చూసేవాళ్ళం. మా ఆయన ఆమె ఇంటి కుళాయో ఫ్యానో ఏదో ఒకటి బాగుచేస్తేగాని కదిలేవాడు కాదు. బాగున్నవి కూడా విప్పి బిగించేవాడు. "పోనీలే, ఆయప్పకూ చేతులు ఊరికే ఉండవు" అనేది ఆమె.

పోయిన చలికాలం చివరిసారి చూశాను. అప్పటికి మంచం మీదే ఉంది, దుప్పటి అంచును వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ, మడుస్తూ. ఇన్నేళ్ళూ అడగాలనుకుని అడగలేని మాట అప్పుడు అడిగాను. "అక్కా, మామాకు ఏమని చెప్పుకున్నావు ఆ బండి గురించి?"

చాలాసేపు దుప్పటి మడిచాక చెప్పింది. ఆమె పోయేసరికి రిగ్గై ఇంట్లో గోడలు తప్ప ఏమీ మిగల్లేదట. తలుపులు, దీపాలు, తివాచీలు, అన్నీ ఊడ్చుకుపోయారు. మామా ఒక్కతే ఖాళీ హాల్లో నిలబడి ఉంది. అక్క చెప్పులు విడవకముందే చెప్పేసింది. "మామా, నీ కారవాన్ వాళ్ళు ఎత్తుకపోలా. నేనే ఇచ్చినా. ఇచ్చి మన డ్రైవర్ను తెచ్చుకున్యా. ఏం చేస్తావో చెయ్యి."

మామా ఆమె వైపు తిరిగిందట. అక్కకు అప్పుడు తెలియదు, ఇరాక్ వాళ్ళున్న ఆ చలికాలంలో, కువైట్‌లోనే ఉండిపోయిన మామా తమ్ముణ్ణి సైనికులు రోడ్డు మీద పట్టుకుపోయారని, ఇంకా తిరిగి రాలేదని. తర్వాత కూడా రాలేదు.

"నా తమ్మునికి నువ్వు దొరకలేదే" అందట మామా. "పది బండ్లు ఇచ్చేదాన్ని. ఎవరూ అడగలేదు."

 తర్వాత మామా వంటింట్లోకి నడిచిందట, అక్క కంటే ముందు. ఎప్పుడూ పొయ్యి ముట్టించని మనిషి, వెంట తెచ్చుకున్న చిన్న స్టవ్వు మీద తానే టీ కాచింది. ఇల్లంతా వెతికితే ఒకే ఒక్క గ్లాసు దొరికింది. బయట సైనికులు తగలబెట్టిపోయిన నూనె బావుల పొగ కమ్మి మిట్టమధ్యాహ్నమే చీకటిగా ఉంది. ఆ చీకట్లో ఇద్దరూ ఖాళీ గోడకు వీపులు ఆనించి నిలబడి, ఒకరు గుక్కెడు తాగి ఇంకొకరికి అందిస్తూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారట.